ఆటు వేళ విచారణ

మా పాత సెక్షన్‌లో ఈమధ్య చేరిన పిల్లలు కొందరు ఇంటికి వచ్చి, "దీదీ, మీరు గెలిచిన పెద్ద కేసు ఒకటి చెప్పండి" అని అడిగారు. నాకు నవ్వొచ్చింది. ప్రభుత్వ ఆఫీసులో లా సెక్షన్ అంటే ఏమిటో వాళ్లకింకా వంటబట్టలేదు. గెలిచిన కేసు అక్కడ ఎవరికీ గుర్తుండదు. ఫైలుకి తాడు కట్టి బీరువాలో పడేస్తారు. ఓడిపోయిన దానికైతే పైవాళ్లకి సంజాయిషీ రాయాలి కాబట్టి అది రిటైరయ్యాక కూడా వదలదు. అందుకని ఓడిపోయిన కేసే చెబుతాను. నా ఉద్యోగంలో నేను సంతోషంగా ఓడిపోయింది అదొక్కటే.

మీలో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చినంత బాగా చదవడం రాదని తెలుసు. అది మీ తప్పు కాదు. దీవుల్లో పుట్టినవాళ్లమంతా ఇంట్లో తెలుగు, రోడ్డు మీద హిందీ, ఆఫీసులో ఇంగ్లీషుతో గడిపేశాం. చదవలేనివాళ్లు అమ్మతోనో పిన్నితోనో చదివించుకోండి. పక్కన కూర్చుని వింటే చాలు. ఈ సంగతంతా అసలు వినడం గురించే.

నేను పోర్ట్‌బ్లెయిర్‌లోని గోల్ ఘర్‌లో పుట్టాను. నాన్న శ్రీకాకుళం వైపు సముద్రపు ఊరి నుంచి వచ్చి అక్కడ కిరాణా కొట్టు పెట్టాడు. నాకు ఉద్యోగం దొరికిన ఆఫీసు డెలానీపూర్‌లో, ఎత్తు మీద. నా బల్ల కిటికీ పక్కన. కిటికీలోంచి హార్బరు, అవతల హోప్ టౌన్ కొండ, మధ్యలో అటూ ఇటూ తిరిగే ఫెర్రీ కనిపించేవి. ఆ కిటికీ వల్లే నా ప్రమోషన్ ఆలస్యమైందని మా సూపరింటెండెంటు వేళాకోళం చేసేవాడు. ఆయన అన్నది అబద్ధమేమీ కాదు. మధ్యాహ్నం భోజనమయ్యాక ఫెర్రీ హారన్ వింటూ కూర్చుంటే, కళ్లు తెరిచే ఉన్నా నేను అక్కడ ఉండేదాన్ని కాదు. నీళ్ల మీద ఎండ కదులుతుంటే ఫైల్లో అక్షరాలు కూడా మెల్లగా కదిలేవి.

పని మాత్రం చాలా పొడిగా ఉండేది. ప్రభుత్వం ఇచ్చిన ఆర్డరు మీద ఎవరైనా హైకోర్టులో రిట్ వేస్తే, దానికి జవాబు తయారుచేసి మా ప్లీడరుకి అందించాలి. పేరా రెండులో చెప్పింది నిజం కాదు, పేరా మూడులో చెప్పింది ఒప్పుకోము, పేరా నాలుగులో చెప్పింది రుజువు చేసుకోవాలి. ఇలా "కాదు, కాదు" అని రాసి నేను అన్నం తిన్నాను. మా అమ్మ ఎవరైనా అడిగితే, "మా అమ్మాయి గవర్నమెంటు తరఫున లేదని చెప్తాది" అనేది.

హైకోర్టు అన్నానే గాని, అది ఇక్కడ ఎప్పుడూ ఉండేది కాదు. జడ్జీలు కలకత్తా నుంచి విమానంలో వచ్చి, కొన్ని వారాలు కూర్చుని వెళ్లిపోయేవారు. వాళ్లు వచ్చారంటే ఊరంతా తెలిసిపోయేది. కూరగాయల బజారులో కూడా "జడ్జీలు దిగారట" అనుకునేవాళ్లు. ఎందుకంత ఆసక్తి అంటే, మనకి అసెంబ్లీ లేదు. ఢిల్లీకి ఒక ఎంపీని పంపిస్తాం, అంతే. చట్టం అక్కడ తయారవుతుంది, ఆర్డరు ఇక్కడి ఆఫీసులో తయారవుతుంది. ఆర్డరు తప్పని తోస్తే, "ఏ హక్కుతో ఇలా చేశారు?" అని ప్రభుత్వాన్ని నిలబెట్టి అడిగే చోటు ఆ కోర్టొక్కటే. రాజ్యాంగం ఆ ప్రశ్న అడిగే అధికారం దానికి ఇచ్చింది.

ఇక సునామీ. ఆ ఆదివారం పొద్దున్న గురించి నేను రాయను. రాయగలిగినవాళ్లు రాశారు, రాయలేనివాళ్లు ఇప్పటికీ మాట్లాడరు. నేను రెండో గుంపులోదాన్ని. ఒక్క సంగతి మాత్రం ఈ కేసుకి కావాలి. సముద్రం వచ్చి, ముంచి, వెళ్లిపోయిందని మేమంతా మొదట అనుకున్నాం. నీళ్లు వెళ్లాయి, కానీ మళ్లీ పోటు వచ్చినప్పుడల్లా ఎన్నడూ రాని చోట్లకి రావడం మొదలుపెట్టాయి. వరిమళ్లలోకి, కొబ్బరితోటల్లోకి, ఇళ్ల పునాదుల మీదికి. భూకంపానికి మా దీవే కొంత కిందికి కుంగిందని చదువుకున్నవాళ్లు తర్వాత చెప్పారు. ఆ రోజుల్లో ఫెర్రీలో వెళ్తుంటే ఎండిపోయిన కొబ్బరిచెట్లు నీళ్లలో నిలబడి కనిపించేవి. వాటి నీడలు కూడా నీళ్లలోనే ఉండేవి. చాలాసేపు చూస్తే ఏది పైన, ఏది కింద అన్నది తెలిసేది కాదు.

హోప్ టౌన్ దాటాక ఒక చిన్న ఖాడీ ఉంది. సముద్రం సన్నగా లోపలికి చొచ్చుకొచ్చిన చోటు. దాని ఒడ్డున ఒక సిమెంటు ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు ఉండేవారు, అత్తాకోడళ్లు. అత్త కొడుకు జబ్బుతో ముందే పోయాడు. ఇద్దరూ కలిసి చేపలు ఎండబెట్టి పోర్ట్‌బ్లెయిర్ తెచ్చి అమ్ముకునేవారు. ఆ పొద్దున కోడలు మేకని కట్టేయడానికి కొండ మీదికి వెళ్లింది. అత్త వంటింట్లో ఉంది. కోడలు దిగివచ్చేసరికి గోడలు లేవు. అత్త కనిపించలేదు, ఆ తర్వాత కూడా ఎక్కడా దొరకలేదు.

రెండు మూడేళ్లు ఆ కోడలు రేకుల షెల్టర్‌లో ఉంది. అప్పుడు ఒక ఆర్డరు వచ్చింది. ఉప్పునీళ్లకి పాడైన భూమికి బదులుగా కొండవాలు మీద భూమి ఇస్తారు. మంచి ఆర్డరే. కానీ పూర్తిగా పోటునీళ్ల కిందికి పోయిన చోటు ఇక భూమి కాదు, దాని మీద ఎవరి పేరూ ఉండదు అన్నారు. అంటే సగం పోయినవాడికి బదులు దొరుకుతుంది, మొత్తం పోయినవాడికి దొరకదు. సర్వే పార్టీ వెళ్లి చూసి, "ఇక్కడ భూమి లేదు, సముద్రం ఉంది" అని రాసుకొచ్చింది. భూమి రికార్డులోంచి ఆమె పేరు కొట్టేశారు. ఎక్కడో దూరంగా, సముద్రం కనిపించని చోట వరస గదుల్లో ఒక గది ఇస్తాం, వెళ్లమన్నారు. ఆమె వెళ్లనంది. తన ఇంటి చోటుకి ఎదురుగా ఉన్న కొండవాలే కావాలంది. పేరు ఉంటే ఆ కొండ దొరుకుతుంది, లేకపోతే లేదు. ఆ ఒక్క సంగతి మీద ఆమె రిట్ వేసింది.

ఆ కాగితాలు నా బల్ల మీదికి వచ్చిన వారానికే ఆమె కూడా వచ్చింది. తీర్పు చెప్పేది మా ఆఫీసే అనుకుందో, ఎవరు చెప్పారో, మెట్లెక్కి తిన్నగా నా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. యాభై దాటిన మనిషి. చేతిసంచీ లోంచి ఎండుచేపల వాసన వస్తోంది.

"దీదీ, నా కాగితం నీ దగ్గరుందంట. ఒక్కపాలి ఒచ్చి మా ఇల్లు సూడండి. ఇల్లుందో లేదో సూసి రాసుకోండి, బస్."

"అమ్మా, మీరు మా మీద కేసు వేశారు. నేను మీతో మాట్లాడకూడదు. మీ వకీలుతో చెప్పుకోండి" అన్నాను.

ఆమె నన్ను కాసేపు చూసింది. "నువ్వు గోల్ ఘర్ కొట్టు నాయుడి కూతురివి కాదేటి? సేపలికి ఉప్పంతా మీ నాన్న కాడే కొన్నాను. ఇప్పుడు మాట్లాడకూడదా?"

సెక్షన్‌లో అందరూ తలలు దించుకుని నవ్వారు. నేను నీళ్లు నమిలాను. ఆమె మాత్రం కోపం లేకుండానే వెళ్లిపోయింది. వెళ్తూ కిటికీలోంచి బయటికి చూసి, "ఇక్కడ్నుంచి మా కొండ కనిపిస్తాది. అచ్ఛా హై" అంది. ఆ రోజు నేను రాసిన జవాబులో, "స్థల పరిశీలన జరిగింది, అక్కడ భూమి లేదు" అన్న వాక్యం ఉంది. సర్వే పార్టీ అలాగే రాసిచ్చింది కాబట్టి నా పని నేను చేశాను.

మా సూపరింటెండెంటు గురించి చెప్పాలి. తమిళుల కుటుంబం, ఇక్కడే పుట్టాడు. ఆఫీసులో రూల్సు పుస్తకం, ఆదివారం గాలం. అంతకుమించి ఆయనకి లోకం లేదు. ఆయన బల్ల మీది అద్దం కింద రూల్సు కాగితం ఒక్కటీ ఉండేది కాదు. ఆ ఏడాది పోటు, ఆటు వేళలు అచ్చువేసిన టైడ్ టేబుల్ ఉండేది. మంచి ఆదివారాలకి ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టుకునేవాడు. సర్వే పార్టీ వెళ్లే రోజు కూడా ఆ బల్ల దగ్గరే ఖాయమైంది. పొద్దున మొదటి ఫెర్రీలో వెళ్లి, భోజనానికి తిరిగి రావాలి, మధ్యాహ్నం మీటింగు ఉంది. అందరూ ఆ బల్ల మీద మోచేతులు ఆనించే మాట్లాడారు. కింద టైడ్ టేబుల్ ఉంది. ఎవరూ చూడలేదు. మేమంతా దీవుల మనుషులం, జెట్టీకి వెళ్తే ముందు నీళ్ల మట్టం చూసి గాని డింగీ పడవలో కాలు పెట్టం. అయినా ఆఫీసు పని మీద వెళ్లేటప్పుడు సముద్రం కూడా ఆఫీసు వేళలు పాటిస్తుందనుకున్నాం.

జడ్జీలు దిగారు. కేసు పిలిచిన రోజు సూపరింటెండెంటు, నేను ప్లీడరు వెనక బెంచీలో కూర్చున్నాం. ఆమె చివరి వరసలో, కొత్త చీరలో, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పైన ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతున్నాయి. సముద్రపు గాలికి కాగితాలు ఎగరకుండా అందరూ చేతులు ఆనించి ఉన్నారు. నాకు కోర్టులో ఎప్పుడూ కొంచెం నిద్ర మత్తుగా ఉండేది. ఆ ఇంగ్లీషు మాటలు అలల్లా వచ్చి పోతుండేవి.

ఆ రోజు మత్తు ఎక్కువసేపు లేదు. మా ప్లీడరు పెద్దమనిషి, సరదా మనిషి. లేచి, "మైలార్డ్, ఈమె భూమిని ప్రభుత్వం తీసుకోలేదు. సముద్రం తీసుకుంది" అన్నాడు.

జడ్జి కళ్లజోడు సర్దుకున్నాడు. "చట్టం అధికారం లేకుండా ఎవరి ఆస్తినీ తీసుకోకూడదని రాజ్యాంగం చెబుతోంది. సముద్రం చట్టం కాదు కదా?"

"కాదు మైలార్డ్. ప్రభుత్వమూ కాదు. కాబట్టి దాని మీద రిట్ నడవదు."

కోర్టంతా నవ్వింది. జడ్జి కూడా నవ్వాడు. నవ్వు తగ్గాక మెల్లగా అన్నాడు. "నిజమే. సముద్రం చేసిన పనిని సమీక్షించే అధికారం నాకు లేదు. కానీ నీళ్లు భూమిని కప్పాయి, అంతే. ఈమె పేరు కొట్టేసింది నీళ్లు కాదు, మీ ఆఫీసరు కలం. నేను చూస్తున్నది ఆ కలాన్ని."

తర్వాత ఇంకో మాట అన్నాడు. అక్కడ భూమి ఉందా లేదా అన్నది తాను తేల్చనని, అది ఆఫీసరు పనేనని, కానీ లేదని ఎలా తేల్చారో మాత్రం తాను అడగవచ్చునని. పిల్లలూ, న్యాయసమీక్ష మీద లావుపాటి పుస్తకాలున్నాయి, చదవండి, మంచివే. నాకు మాత్రం ఆ రోజు ఆ రెండు మాటల్లోనే అంతా అర్థమైంది. ప్రభుత్వం కుర్చీలో తాను కూర్చోడు, కానీ ఆ కుర్చీలో ఉన్నవాడు సరిగ్గా కూర్చున్నాడో లేదో చూస్తాడు.

ఆమె వకీలు కుర్రవాడు. లేచి రెండు ముక్కలు చెప్పాడు. పరిశీలనకి వెళ్లినప్పుడు తన క్లయింటుని పిలవలేదని, ఆటు వేళ అక్కడ నేల తేలుతుందని.

"పరిశీలన ఏ వేళ జరిగింది?" అని జడ్జి అడిగాడు.

ప్లీడరు వెనక్కి తిరిగాడు. నేను ఫైల్లోంచి తారీఖు, ఫెర్రీ వేళ చదివి చెప్పాను. నా పక్కన సూపరింటెండెంటు ఆ తారీఖు వినగానే వేళ్లు మడిచి ఏదో లెక్క వేసుకున్నాడు. మొహం పాలిపోయింది. ఆయన పట్టిన చేపల సైజు విషయంలో జీవితమంతా అబద్ధాలే చెప్పాడు గాని, పోటు విషయంలో ఒక్క అబద్ధం కూడా చెప్పలేడు. పిలవకుండానే లేచి నిలబడ్డాడు.

"హుజూర్, పున్నమి. పొద్దున ఆ వేళకి నిండు పోటు. ఆ టైములో వెళ్తే జెట్టీ మీద మొదటి మెట్లు కూడా కనిపించవు" అన్నాడు హిందీలో.

ప్లీడరు కళ్లు మూసుకున్నాడు. జడ్జి ఆర్డరు అక్కడికక్కడే చెప్పాడు. పేరు కొట్టేసిన ఉత్తర్వు రద్దు. ఆమెని పిలిచి, ఆమె చెప్పేది విని, ఆటు వేళ ఆ స్థలంలోనే చూసి, మళ్లీ నిర్ణయించాలి. ఏం నిర్ణయించాలో మాత్రం చెప్పలేదు.

మెట్లు దిగుతుంటే ప్లీడరు మా సూపరింటెండెంటుతో, "అన్నా, నీలాంటి సాక్షి నా పక్షాన ఉంటే నాకు ప్రత్యర్థి ఎందుకు?" అన్నాడు. ఆయన ఆఫీసుకి వచ్చి అద్దం ఎత్తి, టైడ్ టేబుల్ బయటికి తీసి, ఎర్ర పెన్సిల్ చెక్కుకున్నాడు. ఆదివారాలు వదిలేసి మొదటిసారి పనిదినాల్లో వెతికి, అమావాస్యకి దగ్గరగా, సాయంత్రం బాగా లోతుగా దిగే ఆటు చూసి సున్నా చుట్టాడు.

మళ్లీ నిర్ణయించాల్సిన ఆఫీసరు ఢిల్లీ వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. "హియరింగ్ అంటే ఆఫీసులో కదా చేస్తారు, నీళ్లలో ఏమిటి?" అని డింగీలో దారంతా విసుక్కున్నాడు. కోర్టు ఆర్డరు కాబట్టి ప్యాంటు మడిచి కూర్చున్నాడు. చెప్పినదంతా రాయడానికి నేను, రూల్సు చెప్పడానికి సూపరింటెండెంటు.

ఖాడీ మలుపు తిరిగేసరికి నీళ్లు వెనక్కి జారుతున్నాయి. ఎండ పచ్చబడింది. మన దీవుల్లో సాయంత్రం ఎంత తొందరగా వస్తుందో తెలుసు కదా. ఆ వెలుగులో ముందు బావి ఒర తేలింది, గుండ్రంగా. తర్వాత ఒక మెట్టు, తర్వాత అరుగు, తర్వాత గచ్చు. నీళ్లలోంచి ఒక ఇంటి అడుగు మెల్లగా పైకి వచ్చింది. అది నేను కిటికీ దగ్గర కూర్చుని కన్న కలేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ నా చెప్పులకి అంటిన బురద మర్నాటి దాకా పోలేదు.

ఆమె అప్పటికే వచ్చి ఉంది. చీపురుతో గచ్చు మీది నాచు ఊడుస్తోంది. మమ్మల్ని చూసి చీపురు పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

ఆఫీసరు డింగీ దిగి, దగ్గర దారిన తిన్నగా గచ్చు మీదికి నడిచాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"సాబ్, అటు కాదు. అది గోడ."

ఆయన ఆగాడు. అక్కడ గోడ లేదు. పునాది రాయి వరస ఒకటి, దాని మీద గుల్లలు పట్టి ఉన్నాయి, అంతే.

"గుమ్మం ఇటు" అంది ఆమె. చూపించిన చోట రెండు విరిగిన సిమెంటు మొండాలు, వాటి మధ్య రాతి గడప.

నేను సూపరింటెండెంటు వైపు చూశాను. రూల్సు చెప్పాల్సిన మనిషి, బూట్లు చేతిలో పట్టుకుని అప్పటికే గుమ్మం వైపు చుట్టూ తిరిగి నడుస్తున్నాడు. ఆఫీసరు ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు. ఆ కుర్రవాడి మొహంలో విసుగు పోయి ఇంకేదో వచ్చింది. వెనక్కి రెండడుగులు వేసి, లేని గోడ పక్కనుంచి చుట్టూ నడిచి, గడప దాటి లోపలికి వచ్చాడు. ఆ గడప దగ్గర తల కూడా కొంచెం వంచాడు.   కేసు అక్కడే తేలిపోయిందని తర్వాత తెలిసింది.

ఆమె ఇల్లంతా చూపించింది. "ఇది ముందు గది. ఇక్కడ మాయత్త మంచం. అది దేవుడి మూల, అటు కాలు పెట్టకండి. ఇది వంటిల్లు." వంటింటి గచ్చులో పొయ్యి గుంట ఇంకా ఉంది, నిండా నీళ్లు. ఒక చిన్న పీత అందులోంచి బయటికి వచ్చి, మమ్మల్ని చూసి మళ్లీ లోపలికి పోయింది. ఆమె మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి, సంచీలోంచి ఫ్లాస్కు తీసి స్టీలు గ్లాసుల్లో టీ పోసింది.

"టీ వద్దు, విచారణ జరుగుతోంది" అని సూపరింటెండెంటు గొణిగాడు.

"విచారణ అయితే ఏటి? ఇంటికొచ్చి ఊరికే ఎల్తారా?" అంది. ఆఫీసరు గ్లాసు తీసుకున్నాడు. అందరం తీసుకున్నాం.

"చెప్పండి. ఈ కొండే ఎందుకు కావాలి?" అని ఆఫీసరు అడిగాడు.

ఆమె పొయ్యి గుంట వైపు చూసింది. "మాయత్తకి వేరే ఇల్లు తెలీదు సాబ్. పెళ్లయి ఒచ్చిన కాడ్నుంచి ఇదే గుమ్మం. ఆ రోజు ఈ వంటింట్లోంచే ఎల్లింది. మనిషి తిరిగి రాదు, మాలూమ్ హై, నాను పిచ్చిదాన్ని కాదు. కానీ నన్నెక్కడికో తీసుకెళ్లి పడేస్తే, ఆమె కోసం సూసేవోళ్లు ఎవరుంటారు? కొండ మీద ఉంటే కిటికీ తీస్తే ఈ గడప కనిపిస్తాది. అంతే నాకు కావాలి. సముద్రం ఆమెని తీస్కెళ్లింది, ఇంటిని తీస్కెళ్లింది. పేరు కూడా మీరే తీసేస్తే ఇంకేటి మిగిలింది బాబూ?"

ఆమె తెలుగు మాటలు ఆఫీసరుకి హిందీలో చెబుతూ నేను రాస్తున్నాను. సూపరింటెండెంటు వంగి, "ఇది భూమి విషయానికి సంబంధం లేదు కదా, రాయాలా?" అని హిందీలో మెల్లగా అడిగాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి, అయినా రూలు అడగకుండా ఉండలేకపోయాడు.

"వినమన్నారు కదా. విన్నదంతా రాయండి" అన్నాడు ఆఫీసరు.

రాశాను. నా ఉద్యోగంలో "కాదు" అన్న మాట లేకుండా నేను రాసిన కాగితం అదొక్కటే అనుకుంటాను. రాస్తుండగానే నీళ్లు తిరిగి రావడం మొదలైంది. మొదట పునాది రాళ్ల మధ్యలోంచి, తర్వాత పొయ్యి గుంటలోకి. సూర్యుడు చెట్ల వెనక్కి దిగాడు. మేం లేచేసరికి గచ్చు మీద పాదాలు మునిగేంత నీళ్లున్నాయి. ఎవరూ చెప్పకుండానే ఒకరి వెనక ఒకరం గుమ్మంలోంచే బయటికి వచ్చాం. ఆమె చివర వచ్చింది. గడప దాటి, వెనక్కి తిరిగి, తలుపు దగ్గరికి వేస్తున్నట్టు చెయ్యి చాచి, లేదని గుర్తొచ్చి చెయ్యి కిందికి దించింది.

ఆఫీసరు ఆర్డరు చిన్నది. అక్కడ భూమి ఉంది, ఇల్లు ఉంది, దానికి యజమాని ఉంది, రోజులో కొంతసేపు నీళ్లు ఉంటాయి. కాబట్టి పేరు ఉంటుంది, బదులుగా కొండవాలు దొరుకుతుంది. మేం ఓడిపోయాం. పైవాళ్లకి సంజాయిషీ నేనే రాశాను, పొద్దున్న పోటు గురించి మాత్రం సూపరింటెండెంటు తన చేత్తో రాశాడు. ఆ ఖాడీ మీద పేర్లు పోయిన మరికొందరు కూడా ఆ ఆర్డరు చూపించి ఆటు వేళ విచారణ అడిగారు. కొన్నాళ్లు మా సెక్షన్‌లో టైడ్ టేబుల్ లేకుండా ఏ పనీ జరగలేదు. సూపరింటెండెంటుకి ఆదివారాలు కూడా మిగల్లేదు.

రిటైరయ్యాక నేను అప్పుడప్పుడూ ఫెర్రీ ఎక్కి అటు వెళ్తుంటాను. పని ఏమీ ఉండదు. ఈసారి కూడా అమావాస్య ఆటు చూసుకునే వెళ్లాను. ఆ గచ్చు ఇంకా తేలుతూనే ఉంది, కొంచెం అరిగింది. బావి ఒర ఒక పక్కకి ఒరిగింది. సాయంత్రం ఎండ అలాగే పచ్చగా ఉంది. నీళ్లలో మేఘాలు చూస్తూ, ఎప్పటిలాగే ఎక్కడున్నానో మర్చిపోయి, చెప్పులు చేత్తో పట్టుకుని దగ్గర దారిన గచ్చు మీదికి కాలు వేయబోయాను.

కొండ మీది ఇంట్లో కిటికీ తెరుచుకున్న చప్పుడైంది. జుట్టు పూర్తిగా తెల్లబడిన తల ఒకటి బయటికి వచ్చింది.

"ఓ దీదీ! గోడలోంచి ఎల్తావేటి? గుమ్మం లేదేటి?"

నేను నవ్వుకుని, వేసిన కాలు వెనక్కి తీసుకుని, చుట్టూ నడిచి వచ్చి, గడప దాటి లోపలికి వెళ్లాను.